తీర్పు మాకూ వినిపించండి

భారత ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ సూర్యకాంత్ గారికి,



2021 జూలై 28న మీరు జస్టిస్ ఎన్.వి. రమణ గారితో కలిసి బెంచి మీద ఉన్నారు. గుంటూరు జిల్లా భార్యాభర్తల కేసు వీడియో ద్వారా విచారణకు వచ్చింది. ఇరవై ఏళ్లుగా నలుగుతున్న తగాదా అది. భర్తకు పడిన శిక్ష చాలదని ఆమె మీ కోర్టు దాకా వచ్చింది. ఆమెకు ఇంగ్లీషు సరిగా రాదని తెలిసి రమణ గారు తెలుగులోనే మాట్లాడమన్నారు. ఆమె చెప్పింది మీకు ఇంగ్లీషులో వివరించారు. భర్త జైలుకు పోతే ఉద్యోగం పోతుందని, దాంతో ఆమెకు నెలనెలా అందే భరణం కూడా ఆగిపోతుందని ఆమెకు తెలుగులో విడమరిచి చెప్పారు. కలిసి ఉండమన్న సలహా మంచిదా కాదా అన్నది వేరే చర్చ. నా మనసుకైతే అది పూర్తిగా ఎక్కలేదు. కానీ తన కేసులో ఏం జరుగుతోందో, ఏం అడిగితే ఏమవుతుందో ఆమెకు ఆ పూట తెలిసింది. తెలిశాక ఏం కావాలో తనే చెప్పింది. అంతటి భాగ్యం మాకూ దక్కాలని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను అనంతపురం జిల్లా కళ్యాణదుర్గంలో జిరాక్స్, టైపింగ్ షాపు నడుపుతాను. కుందుర్పి, కంబదూరు, శెట్టూరు, బ్రహ్మసముద్రం వైపు నుంచి జనం బస్సు దిగి, పాసుపుస్తకాలూ ఆధార్ కార్డులూ రేషన్ కార్డులూ పట్టుకుని వస్తారు. గిరాకీ లేని వేళ ఇయర్‌ఫోన్ పెట్టుకుని మీ కోర్టు వాదనలు వింటాను. 2022 సెప్టెంబర్ 27న రాజ్యాంగ ధర్మాసనాల విచారణలు ప్రత్యక్ష ప్రసారం కావడం మొదలైనప్పటి నుంచి ఇది నాకు అలవాటు. డిగ్రీ చదివాను కాబట్టి చాలావరకు అర్థమవుతుంది. అందనిది రాత్రిపూట ఇంగ్లీషు పాడ్‌కాస్టులు విని పూరించుకుంటాను. వాటిలో లాయర్లు, పండితులు ఒక్కో అధికరణం మీద గంటల తరబడి ఎంత ఓపిగ్గా మాట్లాడతారో! తెలుగులో అలా చెప్పిన మనిషి లేకపోలేదు. లెక్కల ప్రొఫెసరుగా ఉండి, తర్వాత లాయరై, మానవ హక్కుల వేదికలో పనిచేసిన కె. బాలగోపాల్ చట్టాన్ని పామరుడికి కూడా అర్థమయ్యేలా చెప్పేవారు. ఆయన 2009లో పోయారు. ఆయన పాత ఉపన్యాసాలు ఇప్పటికీ వింటాను. ఆ తర్వాత వచ్చిన తీర్పుల గురించి మాత్రం ఆయన చెప్పలేరు కదా.

విచారణలను జనం చూడవచ్చని మీ కోర్టు తీర్పు చెప్పింది 2018 సెప్టెంబర్ 26న. ఆధార్ తీర్పు వచ్చిందీ ఆ రోజే. సంక్షేమ పథకాలకు ఆధార్ అడగవచ్చు గానీ బ్యాంకు ఖాతాకు, సిమ్ కార్డుకు తప్పనిసరి చేయకూడదని, ఆధార్ లేదని ఏ బిడ్డకూ రావలసినవి ఆపకూడదని అందులో ఉంది. ఇప్పటికీ బడిలో పిల్లను చేర్పించడానికి వెళ్తూ నా దగ్గర ఆధార్ కాపీలు మూడు తీయించుకుంటారు. “ఇది లేకపోతే చేర్చుకోరంట గదమ్మా” అంటారు. చేర్చుకోవాల్సిందేనని నేను చెబితే నమ్మరు. జిరాక్స్ షాపు మనిషి మాట ఎవరు నమ్ముతారు? నమ్మాలంటే ఆ మాట మీ దగ్గర నుంచి రావాలి.

ఎస్సీ వర్గీకరణ సంగతి చూడండి. అది మా నేలలో పుట్టిన వివాదం. 1994లో ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా, 2000లో చేసిన చట్టం, 2004 నవంబర్ 5న చిన్నయ్య కేసులో ఆ చట్టాన్ని కొట్టేసిన తీర్పు, చివరికి వర్గీకరణ చెల్లుతుందని 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల తీర్పు. ఆరుగురు ఒకవైపు, జస్టిస్ బేలా త్రివేది మరోవైపు. మాదిగ కాలనీల్లో ఆ రోజు టపాసులు కాల్చారు, మాల కాలనీల్లో మనసులు కలత పడ్డాయి. టీవీలన్నీ గెలుపోటముల లెక్క చెప్పాయి. ఐదు వందల పేజీలు దాటిన ఆ తీర్పులో అసలేముందో ఎవరూ చెప్పలేదు. లెక్కలూ ఆధారాలూ చూపించే వర్గీకరించాలని, మొత్తం కోటాను ఒకే కులానికి కట్టబెట్టకూడదని అందులో ఉంది. ఎస్సీల్లోనూ బాగుపడినవాళ్లను కోటా నుంచి తప్పించే క్రీమీ లేయర్ ఉండాలని నలుగురు న్యాయమూర్తులు అభిప్రాయపడ్డారు. ఎదుట ఉన్న ప్రశ్న అది కాదు, అది అమలు కావలసిన ఆదేశమూ కాదు. కానీ నాలుగు రోజుల్లో వాట్సాప్‌లో ఏమని తిరిగిందో తెలుసా? ఉద్యోగస్తుల పిల్లలకు ఇక రిజర్వేషన్ లేదని. టీచరుగా పనిచేసే ఒకాయన కూతురి కుల ధ్రువీకరణ పత్రం పట్టుకుని వచ్చి, ఇది ఇంకా పనికొస్తుందా అని నన్ను అడిగాడు. క్రీమీ లేయర్ పెట్టే ఆలోచన లేదని ఆగస్టు 9న కేంద్ర ప్రభుత్వం చెప్పేదాకా ఆ ఇంట్లో నిద్ర లేదు. ఏడుగురు న్యాయమూర్తులు అన్నేసి పేజీలు రాశారే, ఆ తల్లిదండ్రుల కోసం ఒక్క పేజీ తెలుగులో రాయించలేకపోయారా?

నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధించేది మాత్రం ఇంకొకటి. 2016 మే 11న స్వరాజ్ అభియాన్ కేసులో జస్టిస్ మదన్ లోకూర్, జస్టిస్ రమణ గార్లు కరువు మీద తీర్పిచ్చారు. అందులో లెక్కకు వచ్చిన పన్నెండు రాష్ట్రాల్లో మాదీ ఉంది. కరువు కొలతలను సరిచేయమని, ప్రకటించడంలో జాప్యం తగదని కేంద్రానికి చెప్పారు. రెండు రోజులకే, మే 13న, ఇంకో తీర్పు. కరువు ప్రాంతంలో రేషన్ కార్డు లేదన్న ఒక్క కారణంతో ఏ కుటుంబానికీ తిండిగింజలు నిరాకరించకూడదని, వేరే గుర్తింపు ఏది చూపినా ఇవ్వాలని అందులో రాశారు. వేసవి సెలవుల్లోనూ బడిలో మధ్యాహ్న భోజనం పెట్టమన్నారు. ఉపాధి కూలి ఆలస్యమైతే పరిహారం ఇవ్వమన్నారు. డబ్బుల్లేవన్న సాకు చెల్లదన్నారు.

అయ్యా, ఇది మా గురించి రాసిన తీర్పు. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైన బండ్లపల్లి మా జిల్లాలోనే ఉంది. వాన పడక శనక్కాయ పైరు ఎండి, ముసలివాళ్ల దగ్గర పిల్లల్ని వదిలి బెంగళూరుకు మూటలు కట్టుకుని పోయే ఊళ్లు మావి. ఆ తీర్పు గురించి నేను మొదటిసారి విన్నది ఏళ్లు గడిచాక, ఒక ఇంగ్లీషు పాడ్‌కాస్టులో. విన్న రాత్రి నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ కరువు రోజుల్లో కార్డు లేదని తిప్పి పంపారని చెప్పుకున్న ముసలమ్మ ఒకామె నా షాపు మెట్ల మీదే కూర్చుని వెళ్లింది. ఆమె సంచిలో ఓటరు గుర్తింపు కార్డు ఉంది. అదే చూపించి అడగవచ్చని ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. మనవడికి సెలవుల్లో కూడా బడిలో అన్నం పెట్టాలని చట్టబద్ధంగా అడగవచ్చని ఎవరూ చెప్పలేదు. హక్కు ఉంది, ఆదేశం ఉంది, వెబ్‌సైటులో పీడీఎఫ్ కూడా ఉంది.

అనువాదాలు చేయిస్తున్నారని తెలుసు. 2019లో సువాస్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చారు, కొన్ని తీర్పులు తెలుగులోనూ పెడుతున్నారు. మంచి పని, చేతులెత్తి మొక్కుతాను. కొన్ని ప్రింటు తీసి చదివాను. ఒక్కో వాక్యం అరపేజీ, చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతాం. కక్షిదారు అర్థం చేసుకోవడానికే తప్ప వేరే ప్రయోజనానికి వాడవద్దన్న గమనిక కూడా వాటి మీద ఉంటుంది. కరువు కేసులో కక్షిదారులం మేమందరం కాదా?

348వ అధికరణం నాకు తెలుసు. మీ కోర్టు పని ఇంగ్లీషులోనే నడవాలని ఉంది, నడవనీయండి. నేను అడిగేది తీర్పు భాష మార్చమని కాదు. ముఖ్యమైన తీర్పు వచ్చిన వారంలోపల, అరగంట మించని తెలుగు ఆడియో మీ కోర్టు పేరు మీద విడుదల చేయించండి. ఎవరు ఏం అడిగారు, కోర్టు ఏం చెప్పింది, ఏం చెప్పలేదు, ఎవరు ఎందుకు విభేదించారు, రేపటి నుంచి ఏం మారుతుంది, అమలు కాకపోతే ఏ ఆఫీసు తలుపు తట్టాలి అన్నవి అందులో ఉంటే చాలు. మెషీన్‌తో కాదు, తెలుగు తెలిసిన రిటైర్డ్ జడ్జీలతో, లా కాలేజీ మాస్టర్లతో చెప్పించండి. సులభంగా చెబితే అర్థం చెడుతుందని భయపడేవాళ్లుంటారు. ఇప్పుడు చెడిపోతున్నది చాలదా?

బ్రెజిల్‌లో సుప్రీంకోర్టుకు 2002 నుంచి సొంత టీవీ, 2004 నుంచి సొంత రేడియో ఉన్నాయి. మనకు కొత్తగా పెట్టనక్కర్లేదు. అనంతపురంలో ఆకాశవాణి ఉంది, పొలంలో ఉన్నవాళ్లకూ వినిపిస్తుంది. చట్టాల గురించి జనానికి తెలియజెప్పడం 1987 చట్టం ప్రకారం న్యాయ సేవల సంస్థల పని. జాతీయ సంస్థకు ప్రధాన పోషకులు మీరే. మీరు ఒక్క ఉత్తరం రాస్తే మా తాలూకా దాకా కదులుతుంది. మీ మాటకుండే బరువు మా జిల్లాకు కొత్త కాదు. కర్నూలు బస్సు రూట్ల కేసులో మీ కోర్టు వ్యాఖ్యల మీద 1964లో ముఖ్యమంత్రి పదవి వదులుకున్న నీలం సంజీవరెడ్డి గారిది మా జిల్లాలోని ఇల్లూరే.

2016 నాటి ఆ కరువు తీర్పులతోనే మొదలుపెట్టండి, వచ్చే ఎండాకాలం లోపు. ఆడియో పంపిస్తే చాలు, బస్సు దిగినవాళ్లందరికీ వినబడేలా నా షాపు ముందు స్పీకరు పెట్టే పూచీ నాది.

ఇట్లు,
భవదీయురాలు,
జిరాక్స్ షాపు నిర్వాహకురాలు, కళ్యాణదుర్గం