సేవ చేసే ఆడబిడ్డ పేరు ఏ కాగితంలో ఉంది?

పెద్దవంగర మండలంలోని ఒక పల్లెలో ఆ మధ్య ఒక జనాజాకు వెళ్లాము. మరణించినది డెబ్బై ఏళ్లు దాటిన తల్లి. పక్షవాతంతో పదకొండేళ్లు మంచం మీదనే ఉన్నారు. ఆ పదకొండేళ్లూ ఆమెను ఎత్తి కూర్చోబెట్టినదీ, తినిపించినదీ, పక్క మార్చినదీ పెళ్లి కాని పెద్ద కూతురు. తమ్ముళ్లు పని వెతుక్కుంటూ హైదరాబాద్ చేరారు. ఇల్లు తల్లికి వచ్చే వితంతు పింఛనుతోనూ, తమ్ముళ్లు ఎప్పుడో పంపే కొద్దిపాటి డబ్బుతోనూ నడిచింది. దఫన్ ముగిసి, వచ్చినవారంతా వెళ్లిపోయాక ఆమె మమ్మల్ని అడిగింది: “చాచా, అమ్మీ పింఛను ఇక రాదు కదా. నాకేమైనా వస్తుందా?”

వస్తుంది. నిజానికి ఎన్నో ఏళ్ల క్రితమే రావలసింది. తెలంగాణలో ఒంటరి మహిళల పింఛను 2017లో మొదలైంది. పల్లెల్లో 30, పట్టణాల్లో 35 ఏళ్లు దాటిన అవివాహితలకూ, భర్త నుంచి విడిపోయి ఏడాది దాటిన స్త్రీలకూ అది ఉద్దేశించినది. నలభై ఎనిమిదేళ్ల ఈ ఆడబిడ్డ ఒక్కసారి కూడా దరఖాస్తు చేయలేదు. ఎందుకమ్మా అంటే, “ఇంట్లో ఒక పింఛను వస్తోంది, రెండోది ఇవ్వరన్నారు” అన్నది. ఎవరన్నారో ఆమెకే గుర్తు లేదు.

ఒక కుటుంబంలో ఒక్కరికే అన్న నిబంధన ఆసరాలో వృద్ధాప్య పింఛనుకు ఉన్నది. దానిని అన్ని రకాల పింఛన్లకూ పులిమి ఊళ్లో ఎవరో చెప్పిన మాట ఈమెకు చట్టమైపోయింది. మేము చాలా ఏళ్లు ప్రభుత్వ కార్యాలయంలో బల్లకు ఇవతల కూర్చున్నవాళ్లం కనుక చెబుతున్నాము: నోటిమాటగా వచ్చిన ‘రాదు’ను నమ్మి ఇంటికి వెళ్లకండి. దరఖాస్తు ఇవ్వండి, రశీదు తీసుకోండి. తిరస్కరిస్తే కారణం రాసి ఇమ్మని అడగండి. ఇవ్వకపోతే సోమవారం మహబూబాబాద్ కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది. 2005 సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో జవాబు చెప్పాలి. 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 వరకు ప్రజాపాలన సభల్లో దరఖాస్తులు ఇచ్చినవారు ఆ రశీదు ఎక్కడ పెట్టారో ఈ రోజే వెతకండి.

తల్లిదండ్రుల ఖిద్మత్ ఇబాదత్ అని మనకు పసితనంలోనే నేర్పారు. అందులో మాకు రెండో మాట లేదు. కాని ఆ ఖిద్మత్ బరువు ఎవరి భుజాన పడుతున్నదో చూడండి. పెళ్లి కాని కూతురు, తిరిగి వచ్చిన కూతురు, చిన్న కోడలు. కూలికి పోలేరు, కుట్టుమిషను ముందు కూర్చోలేరు, ఉన్న కొద్దిపాటి పని కూడా మానేస్తారు. రోగి ఉన్నంతకాలం రోగి పింఛను ఉంటుంది. రోగి పోయిన నెల నుంచి సేవ చేసిన మనిషికి ఏమీ ఉండదు, వయసు మాత్రం అయిపోయి ఉంటుంది.

ఇతర దేశాలు ఈ సంగతిని గుర్తించాయి. జర్మనీలో 1995 నుంచి సంరక్షణ బీమా ఉన్నది. ఇంట్లో రోగిని చూసుకునే బంధువు తరఫున ఆ నిధి పింఛను చందా కడుతుంది. బ్రిటన్‌లో వారానికి 20 గంటలు సేవ చేసేవారికి ఆ కాలాన్ని ప్రభుత్వ పింఛను లెక్కలో కలుపుకునే ఏర్పాటు 2010 నుంచి ఉన్నది. అంత దూరం ఎందుకు, కేరళలో ‘ఆశ్వాసకిరణం’ పేరుతో మంచాన పడినవారిని చూసుకునేవారికి నెలకు 600 రూపాయల సాయం ఉన్నది. స్వల్పమే, కాని ఆ మనిషి పేరు ప్రభుత్వ జాబితాలోకి ఎక్కింది. మన 2016 వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్‌లో, ఎక్కువ ఆసరా అవసరమైన వికలాంగులకు సంరక్షకుల భత్యం ఇవ్వాలని రాసి ఉన్నది. తెలంగాణ ప్రభుత్వాన్ని మనం అడగవలసినది ఆ ఒక్క వాక్యాన్ని అమలు చేయమని. ఆసరా మొత్తం 2019లో 2,016 రూపాయలు అయింది. 2023 ఎన్నికల వేళ వినిపించిన 4,000 మాట ఇంకొక సంచికకు వదిలేస్తున్నాము.

ప్రభుత్వం కదిలేదాకా ఇంట్లో మనం చేయవలసినవి ఉన్నాయి. మన దగ్గర జనాజా అదే రోజు ముగుస్తుంది, మరణ నమోదు మాత్రం మిగిలిపోతుంది. 21 రోజుల్లోపు పంచాయతీ కార్యదర్శి దగ్గర నమోదు చేయిస్తే రుసుము లేదు. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. ఆ ఒక్క పత్రం లేక భర్త పోయిన స్త్రీ వితంతు పింఛనుకు ఎంతకాలం తిరుగుతుందో మేము చూశాము. విడిపోయిన కూతురు విషయమూ ఇంతే. నికాహ్‌నామా, ఖులా లేదా తలాఖ్ పత్రం నకలు ఆమె దగ్గరే ఉండాలి, అన్నదమ్ముల బీరువాలో కాదు. 2019 చట్టం తర్వాత ఒక్క గుక్కలో చెప్పిన తలాఖ్ చెల్లదు. అలా వదిలివేయబడిన స్త్రీ దగ్గర ఏ పత్రమూ ఉండదు. అయినా ఏడాదికి మించి విడిగా ఉంటున్నదంటే ఒంటరి మహిళగా అడిగే హక్కు ఆమెకు ఉన్నది.

ఇక పేర్లు. ఆధార్‌లో బీ, రేషన్ కార్డులో బేగం, ఓటరు జాబితాలో మూడో రకం. ఇలాంటివి ముందే సరిచేయించుకోవాలి. ఆధార్‌లో పుట్టిన తేదీని మామూలుగా ఒక్కసారే మార్చుకోనిస్తారు, కాబట్టి సరైన ఆధారం చేతిలో పెట్టుకునే వెళ్లండి. వృద్ధాప్య పింఛను వయసు 57కు తగ్గింది. కార్డులో వయసు అయిదేళ్లు తక్కువ పడితే ఆ అయిదేళ్ల పింఛను పోయినట్టే.

నిజామాబాద్, జగిత్యాల, కామారెడ్డి వైపు బీడీలు చుట్టే మన పాఠకులకు ప్రత్యేకంగా ఒక మాట. అత్తకో, అమ్మకో జబ్బు చేసిందని పని మానేసేటప్పుడు పీఎఫ్‌తో పాటు పింఛను సొమ్ము కూడా తీసేసుకుంటారు. తీసుకున్నారంటే అన్నేళ్ల సర్వీసు చెరిగిపోతుంది. పదేళ్లు నిండకపోతే ఫారం 10సీలో సొమ్ముకు బదులు స్కీమ్ సర్టిఫికెట్ అడగండి. రేపు మళ్లీ పనిలో చేరితే పాత సర్వీసు కలుస్తుంది. పదేళ్లు నిండితే 58వ ఏట నెలనెలా పింఛను వస్తుంది. దాని కనీస మొత్తం వెయ్యి రూపాయలే. అయినా అది ఆమె సొంతం.

నలభై దాటని కోడళ్లకు 2019లో వచ్చిన శ్రమయోగి మాన్‌ధన్ ఉన్నది. చేసే పని ఏదైనా ఉండి, సంపాదన నెలకు 15,000 మించకపోతే చేరవచ్చు. వయసును బట్టి నెలకు 55 నుంచి 200 రూపాయలు కడితే కేంద్రం అంతే కలుపుతుంది. 60 తర్వాత నెలకు 3,000. వడ్డీ గురించి సందేహం ఉన్నవారు తమ ఆలిమ్‌ను అడిగి నిర్ణయించుకోవచ్చు. ఆసరాలో ఆ సందేహానికి చోటు లేదు.

మస్జిద్ కమిటీల సదర్ సాబ్‌లకు మా విన్నపం. చందాల పుస్తకం పక్కన ఇంకొక పుస్తకం పెట్టండి. మొహల్లాలో మంచాన ఉన్నవారు ఎవరు, వారిని చూసుకుంటున్నది ఎవరు, ఆమె వయసెంత, ఏ కాగితం ఉంది, ఏది లేదు అన్నది రాయండి. చదువుకున్న ఇద్దరు కుర్రవాళ్లు ఉంటే చాలు, రెండు జుమాల మధ్య పని అయిపోతుంది.

పైన చెప్పిన ఆడబిడ్డ తల్లి మరణాన్ని పదిహేడో రోజున నమోదు చేయించింది. ఒంటరి మహిళ దరఖాస్తు మండల కార్యాలయంలో ఇచ్చి రశీదు తెచ్చుకుంది. నకలు మా దగ్గర ఉన్నది. జవాబు కోసం చూస్తున్నాము.