తాళంచెవి అన్నయ్య దగ్గర

బిలాస్‌పూర్ రైల్వే పట్టణం. 2003లో పని ప్రారంభించిన ఆగ్నేయ మధ్య రైల్వే జోనుకు ప్రధాన కార్యాలయం ఇక్కడే. ఒంటిలైను మార్గాలలో డ్రైవరు ఎంత అనుభవజ్ఞుడైనా, నీల్ టోకెన్ యంత్రం నుంచి వెలువడిన ఉక్కుబంతి చేతికి అందనిదే ముందరి సెక్షనులోకి రైలును నడపరాదన్న నియమం దశాబ్దాల తరబడి సాగింది. నేర్పు వేరు, అధికారం వేరు. రైల్వే కుటుంబాలలో పుట్టిన పిల్లలకు ఈ భేదం ఒకరు చెప్పనక్కరలేదు.

ఈ పట్టణంలోని నెహ్రూ నగర్‌లో ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకోండి. ఇంట్లో ఉన్నది ఒకే కంప్యూటరు. అందులో లినక్స్ స్థాపించి, నిర్వాహకుని పాస్‌వర్డు తనవద్దనే ఉంచుకొన్న అన్నయ్య ఉద్యోగరీత్యా విశాఖపట్నంలో ఉన్నాడు. కళాశాలలో కంప్యూటరు విద్య అభ్యసిస్తున్న చెల్లెలు, మర్నాడు అప్పగించవలసిన వెబ్ పుటలు సర్వర్ మీద సరిగా పనిచేస్తున్నవో లేదో ఈ రాత్రే చూసుకోవాలి. సర్వర్‌ను ప్రారంభించగానే తెరపై ‘పర్మిషన్ డినైడ్’ అన్న సందేశం ప్రత్యక్షమైంది. అన్నయ్యది రాత్రి డ్యూటీ. ఫోను ఎత్తడం లేదు.

ఇటువంటి వేళ చాలామంది పాస్‌వర్డు ఊహించే ప్రయత్నంలో పడతారు. అది తప్పే కాక, అనవసరం కూడా. ఆమెకు ఎదురైన అడ్డంకి నిజానికి ఒక సంఖ్య మాత్రమే.

కంప్యూటరుకు వచ్చిన సందేశం అందులోని ఏ ప్రోగ్రాముకు చేరవలెనో తెలిపేవి పోర్టు సంఖ్యలు. ఇవి 65,535 వరకు ఉంటాయి. వెబ్ సర్వర్‌కు వాడుకగా ఏర్పడినది 80. యూనిక్స్ కుటుంబానికి చెందిన వ్యవస్థలలో 1024కు లోపలి సంఖ్యలను తెరిచే హక్కు సాధారణంగా నిర్వాహకునికే పరిమితం. ఈ కట్టుబాటు బర్కిలీ విశ్వవిద్యాలయపు యూనిక్స్‌తో వ్యాప్తిలోకి వచ్చింది. 1983లో వెలువడిన దాని 4.2 రూపంలో, ఒక యంత్రం నుంచి మరొక యంత్రంలోకి ప్రవేశించే సౌకర్యం ఈ నమ్మకం మీదనే ఆధారపడింది. చిన్న సంఖ్య నుంచి వచ్చిన సందేశమైతే దాని వెనుక బాధ్యత గల నిర్వాహకుడు ఉన్నాడని ఎదుటి యంత్రం విశ్వసించేది. ఎవరి యంత్రానికి వారే నిర్వాహకులైన తరువాత ఆ విశ్వాసానికి అర్థం పోయింది, నియమం మిగిలింది. (కారణం గతించినా నియమం కొనసాగడం కంప్యూటర్లకే ప్రత్యేకమైన విషయమేమీ కాదు.) 2017లో వచ్చిన లినక్స్ 4.11 ఈ హద్దును మార్చుకొనే వీలు కల్పించింది. అయితే మార్చడానికీ నిర్వాహకుడే కావాలి!

కనుక చెల్లెలు చేయవలసినదల్లా 80ని వదలి, 8080 వంటి పెద్ద సంఖ్యను ఎన్నుకోవడం. బ్రౌజరులో చిరునామా చివర రెండు చుక్కలు పెట్టి ఆ సంఖ్యను చేర్చాలి. పైథాన్ 3లోనే ఒక చిన్న సర్వర్ ఇమిడి ఉంది. సంఖ్య చెప్పకపోతే అది 8000ని వాడుకొంటుంది. సాదా పుటలను పరీక్షించడానికి అది చాలు. అపాచీ వంటి పెద్ద సర్వర్‌ను సైతం తన సొంత ఫోల్డరులో నిర్మించుకోవచ్చు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. సంఖ్య మార్చినా సర్వర్ లేవకపోవచ్చు. తన దినచర్యను వ్రాసుకొనే లాగ్ ఫైలునూ, తన గుర్తింపు సంఖ్యను దాచుకొనే ఫైలునూ అది వ్యవస్థకు చెందిన ఫోల్డరులో ఉంచబోయి మళ్ళీ నిరాకరణకు గురికావచ్చు. వాటినీ సొంత చోటికి మళ్ళించాలి. ‘అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్’ అన్న సందేశం వస్తే మాత్రం అది అధికారానికి సంబంధించినది కాదు. ఆ సంఖ్యను మరొక ప్రోగ్రాము అప్పటికే ఆక్రమించిందని దాని భావం.

జాగ్రత్త వహించవలసినది మరొకచోట. పైథాన్ సర్వర్ మనం చెప్పకపోతే కంప్యూటరుకు గల అన్ని చిరునామాల మీదా చెవియొగ్గుతుంది. ప్రారంభించిన ఫోల్డరులో ఉన్నవన్నీ, కుటుంబపు బ్యాంకు కాగితాలు ఉంటే అవి కూడా, అదే వైఫైలో ఉన్నవారి కంట పడవచ్చు. పుటలను ప్రత్యేక ఫోల్డరులో ఉంచి, సర్వర్‌ను 127.0.0.1 అనే చిరునామాకు కట్టివేయాలి. అప్పుడు అది ఆ యంత్రంతో తప్ప ఇతరులతో మాట్లాడదు.

అధికారం లేకుండా నడిచే సర్వర్‌ను లోపభూయిష్టమని తలచనవసరం లేదు. లినక్స్‌లో అపాచీ నిర్వాహకునిగా ప్రారంభమై 80ని తెరుస్తుంది. సందర్శకులకు బదులిచ్చే పనిని మాత్రం హక్కులు లేని సామాన్య ఖాతాకు అప్పగిస్తుంది. 2001 జూలై 19న ‘కోడ్ రెడ్’ అనే పురుగు 14 గంటలలోపే సుమారు 3,59,000 కంప్యూటర్లలో ప్రవేశించింది. మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వర్‌లోని ఒక లోపం దానికి ద్వారం కాగా, ఆ లోపం ద్వారా లోపలికి వచ్చినవారికి యంత్రంపై సంపూర్ణాధికారం లభించేది. 2003లో వచ్చిన తదుపరి సర్వర్‌లో ఆ సంస్థ వెబ్ పనిని స్వల్పాధికారం గల ఖాతాకు మార్చింది.

తెల్లవారి అన్నయ్య ఫోను చేసినప్పుడు, 80వ సంఖ్యే కావాలని చెల్లెలు కోరినా అతడు పాస్‌వర్డు ఇవ్వనక్కరలేదు. ఆమె నిర్మించుకొన్న అపాచీ ప్రోగ్రాము ఒక్కదానికే చిన్న సంఖ్యలు తెరిచే హక్కును దూరం నుంచే ప్రసాదించవచ్చు. ఆమె ఆ ప్రోగ్రామును తిరిగి నిర్మిస్తే ఆ హక్కు చెరిగిపోతుంది. అన్నయ్యను మళ్ళీ అడగవలసిందే.