ఆరోగ్య ప్రసంగములు: నాలుక క్రింది మందు

గుంటూరు ప్రాంతమునుండి యొక సోదరి గడచిన నెలలో మాకు దీర్ఘమైన యుత్తరము వ్రాసినది. పేరు ప్రకటింపవలదని కోరినది గనుక ప్రకటింపము. ఆమె కుమారుడు అమెరికాలో ఒహాయో రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నాడు. కోడలి పురిటికి సాయముగా ఆమె యక్కడికి వెళ్లి ఐదు నెలలుండి వచ్చినది. కొడుకు నెలకొకసారి గది తలుపు వేసికొని, కంప్యూటరు ముందు కూర్చుండి యెవరితోనో మెల్లగా మాటలాడుటయు, దినదినమును నాలుక క్రింద ఒక బిళ్ల యుంచుకొని కొంతసేపు నోరు మెదపకుండుటయు చూచి, కోడలి నడిగినదట. కోడలు దాచలేదు. నాలుగేండ్ల క్రిందట కారు ప్రమాదమున నడుమునకు శస్త్రచికిత్స జరిగినప్పుడు ఇచ్చిన ఆక్సికోడోన్ అను నొప్పిమాత్రలు అతనిని వదలలేదనియు, వైద్యులు వ్రాసి యిచ్చుట మానిన పిదప బయట కొనుట మొదలిడెననియు, ఇప్పటికి 14 నెలలుగా ఈ బిళ్లతో మరల మనుష్యుడైనాడనియు చెప్పినది.

"ఒక మత్తు పోయి యింకొక మత్తు వచ్చినదని నాకు తోచినది. బయలుదేరునాడు వాని చేయి నా తలమీద పెట్టించి, సంక్రాంతినాటికి ఆ బిళ్ల మానెదనని ఒట్టు వేయించుకొని వచ్చితిని. చేయి పట్టి నాడి చూడని డాక్టరు ఇచ్చెడి మందు మందేనా? నేను చేసినది సరియేనా?" అని ఆమె ప్రశ్న.

అమ్మా, సరికాదు. మీ మనసు నొచ్చునని తెలిసియు ఇంత సూటిగా చెప్పుటకు కారణము కలదు.

నల్లమందు మన యిండ్లకు క్రొత్తది కాదు. ఏడ్చెడి పసిబిడ్డకు ఆవగింజంత నాకించి పనికి పోయిన తల్లులను మన అమ్మమ్మలు ఎరుగుదురు. మార్ఫిను ఆ నల్లమందులోనిదే. హెరాయిను, ఆక్సికోడోన్ దాని సంతతి. ఫెంటనిల్ అనునది గసగసాల మొక్కతో పనిలేక కర్మాగారములలో తయారగు మిక్కిలి తీవ్రమైన మందు. ఇవియన్నియు మెదడులోని కొన్ని గూళ్లలో చేరి నొప్పిని మరపించి, సుఖమును కలిగించి, మోతాదు మించినచో ఊపిరిని ఆపివేయును. అలవాటు పడినవానికి అవి అందని దినమున ఒళ్లు విరుపులు, వాంతులు, విరేచనములు, చెమటలు, నిద్రలేమి. ఆ బాధకు వెరచియే మరల వాని వెంట పడుదురు గాని సుఖము కొరకు కాదు.

మీ కుమారుని బిళ్ల పేరు బ్యూప్రెనార్ఫిన్. ఇదియు ఆ జాతిదే; దానిని మేము దాచము. అయితే యిది ఆ గూళ్లలో గట్టిగా కూర్చుండి, తన పనిని మాత్రము సగముననే నిలుపును. అందుచేత ఒళ్లు విరుపులుండవు, కోరిక యణగును, ఇతర మాత్రలు వచ్చినను చోటు దొరకదు. మోతాదు పెంచినకొలది మత్తు పెరుగుట ఒక హద్దున ఆగిపోవును. అలవాటు పడిన దేహమునకు తగిన మోతాదులో ఇది మత్తు కలిగింపదు. మీరే వ్రాసితిరి: కొడుకు వేళకు కచేరికి పోవుచున్నాడు, రాత్రులు బిడ్డ నెత్తుకొని తిరుగుచున్నాడు. మత్తులోనున్నవాడు చేయు పనులా యివి? చక్కెర వ్యాధికి ఏండ్ల తరబడి మందు పుచ్చుకొనువారిని మనము వ్యసనపరులనుట లేదు గదా.

ఇక మానుటలోని ప్రమాదము. ఈ మందు మానినవారిలో పెక్కురు మరల పాత మాత్రలకు పోవుదురు. ఇంతలో దేహము పూర్వపు ఓర్పును కోల్పోయి యుండును. నిరుడు తట్టుకొన్న మోతాదే నేడు ప్రాణము తీయును. అదియు గాక ఇప్పుడచ్చట వీధిలో అమ్మెడి మాత్రలలో ఫెంటనిల్ కలిసి యుండుట సర్వసాధారణము. 2021, 2022, 2023 సంవత్సరములలో ఏటేట లక్షకు పైగా జనులు మందులు మితిమీరి ఆ దేశమున మరణించిరి. 2024లో ఆ సంఖ్య 80 వేల ప్రాంతమునకు దిగినది. ఈ చికిత్సలో నిలిచియున్నవారికి మరణభయము చికిత్స లేనివారికంటె సుమారు సగమునకు తగ్గునని పెక్కు పరిశోధనలు తేల్చినవి.

ముఖము చూడని డాక్టరనుచున్నారు. ముఖము చూచుచునే యున్నాడు, తెరమీద. మీ సందేహము మాత్రము నిరాధారమైనది కాదు; ఒకప్పుడు ఆ దేశపు చట్టమునకును అదే సందేహము కలిగినది. 2001లో కాలిఫోర్నియాలో రయన్ హైట్ అను 18 ఏండ్ల పిల్లవాడు, తన్నెన్నడును చూడని వైద్యుడు వ్రాయగా ఇంటర్నెట్టులో కొన్న నొప్పిమాత్రలతో మరణించెను. అతని తల్లి పూనికతో 2008లో ఆ పిల్లవాని పేరిట చట్టము వచ్చినది: ఒకసారియైన నేరుగా రోగిని పరీక్షింపక ఇట్టి మందులను ఇంటర్నెట్టు ద్వారా వ్రాయరాదని. కన్నతల్లి దుఃఖమునుండి పుట్టిన చట్టము అది, ఎవరు తప్పు పట్టగలరు? కాని వ్యసనమును మాన్పు మందునకు సయితము అదే యడ్డమైనది. దగ్గరలో వైద్యుడు లేని పల్లెవారు, సెలవు దొరకని కూలివారు చికిత్సకు దూరమైరి. 2020 మార్చిలో కరోనా వ్యాధి రాగా ఆ నిర్బంధమును సడలించి, టెలిఫోనులో మాటలాడియు ఈ మందును ప్రారంభింపవచ్చుననిరి. అటుపై 2022లో వెలువడిన యొక పెద్ద పరిశోధనలో, తెరమీది వైద్యము పొందినవారు చికిత్సలో ఎక్కువకాలము నిలిచిరనియు, మోతాదు మించిన ప్రమాదములు వారిలో తక్కువయనియు తేలినది. 2025 జనవరిలో ప్రకటించిన నియమమున నేరుగా చూడకయే మొదటి ఆరు నెలలకు మందు వ్రాయుటకు అనుమతి కలదు. పిమ్మట నేరుగానో, చట్టమొప్పిన మరియొక పద్ధతినో చూడవలెను.

అట్లని యెవరు పడిన వారికి ఇచ్చుట లేదు. వైద్యుడు ఆ రోగి యింకెవరివద్దనైన ఇట్టి మందులు పుచ్చుకొనుచున్నాడేమో రాష్ట్రపు పట్టికలో చూడవలెను. మందుల దుకాణమువారు మనిషిని గుర్తింపు కాగితముతో పోల్చుకొని యీయవలెను. పలువురు వైద్యులు మూత్రపరీక్షయు చేయింతురు. మొదటి వారములలో తరచుగా, కుదిరిన పిమ్మట నెలకొకసారి మాటలాడుదురు. మన తెలుగువారికి ఇందు మరియొక సౌకర్యము కలదు: ఆసుపత్రి గదిలో ఎవరైన తెలిసినవారు చూతురేమోయను భయములేదు. ఒక్కరికి తెలిసినచో ఉగాది సభనాటికి ఊరందరికి తెలియును. ఆ సిగ్గుచేత చికిత్సకే పోనివారు ఎందరో!

మీరు నిజముగా తోడ్పడదలచినచో పనులు కలవు. మనుమడు ప్రాకుచున్నాడని వ్రాసితిరి. ఆ బిళ్ల ఒక్కటి పసివాని నోట పడినను ప్రాణాపాయము, కావున తాళము గల పెట్టెలో ఉంచుమనుడు. బిళ్ల కరగిన పిమ్మట నీటితో పుక్కిలించి మ్రింగి, గంటసేపు ఆగి గాని పండ్లు తోముకొనరాదు. పండ్లు చెడుచున్నవని 2022లో అక్కడి ప్రభుత్వశాఖ హెచ్చరించినది. ముక్కులో కొట్టెడి నలోక్సోన్ అను విరుగుడు 2023నుండి అక్కడ చీటి లేకయే దొరకుచున్నది. అది యింటనుండవలెను, కోడలికి వాడుట తెలియవలెను. మందు ఎప్పటికైన తగ్గింపవచ్చునా యన్న, వైద్యునితో ఆలోచించి నెలల తరబడి మెల్లమెల్లగా తగ్గించినవారున్నారు. ఆ మాట ఎత్తవలసినవాడు మీ కుమారుడు, పండుగలు కావు.

ఈ యుత్తరము చదివి, మన దేశములోను తెరమీద ఈ మందు దొరకునా యని కొందరు సోదరీమణులు అడుగవచ్చును. దొరకదు. 2020 మార్చి నియమములు మాదకద్రవ్య చట్టములోని మందులను దూరమునుండి వ్రాయుటను నిషేధించినవి. ఇక్కడివారు నేరుగా ప్రభుత్వ వ్యసనవిముక్తి కేంద్రమునకు పోవలెను. దారి తెలియనివారు 14446 సంఖ్యకు టెలిఫోను చేయవచ్చును, రుసుము లేదు.

సోదరీ, ఒట్టు తీసి గట్టున పెట్టుడు. మీరు వేయించుకొన్నదానిని మీరే విడువవలెను; కోడలు చెప్పిన చాలదు, మేము వ్రాసిన చాలదు. సంక్రాంతికి ఇంకను దినములున్నవిగదాయని ఆగవలదు. వాడు ఇప్పటికే తల్లి మాట నిలుపుటకై బిళ్లను సగము విరచుకొనుచున్నాడేమో, ఎవరు చూచిరి? ఈ రాత్రి భోజనములైన పిమ్మట టెలిఫోను చేయుడు. అక్కడ అప్పటికి ఉదయమగును.