జలపాతపు బాటకు పెద్దలెవరు?

శ్రావణ భాద్రపద మాసములలో ఆదివారమునాడు తెల్లవారక మునుపే ఎల్‌.బి.నగరు చౌరస్తాకడ నిలిచి చూచినవారికి ఒక క్రొత్త తీర్థయాత్ర కనబడును. దిల్‌సుఖ్‌నగరు వసతిగృహములలో నుండి ఉద్యోగపరీక్షలకు చదువుకొను యువకులు, కొత్తపేట వనస్థలిపురము ప్రాంతముల గృహస్థులు, మోటారుసైకిళ్లమీదను కార్లలోను బయలుదేరి, కొందఱు సాగరు రోడ్డు పట్టి ఎత్తిపోతలకును, కొందఱు తుక్కుగూడ మీదుగా శ్రీశైలము రోడ్డు పట్టి మల్లెల తీర్థమునకును పోవుచున్నారు. అంతకు మించిన సాహసవంతులు ములుగు జిల్లాకు పోయి బొగత జలపాతమును చూచి, తృప్తి చెందక, అడవిలో ఇంకను దాగియున్న ధారలను వెదకుచున్నారు. పట్టణమున ఆఱు దినములు పొగయు ధూళియు పీల్చినవాడు ఏడవ దినమున నీటిధార క్రింద తల యొగ్గగోరుట తప్పని మేమనము. కాళ్లతో నడచి కొండను, కోనను చేరుట మన పెద్దలు పుణ్యకార్యముగా నెంచినదియే. కాని ఈ నడక ఎవరి నేలమీద జరుగుచున్నది? ఆ బాట నెఱిగినవా రెవరు? వారికి దానిపై నేమైన అధికారము కలదా? ఈ ప్రశ్నలు వేసికొన్నవారు అరుదు. ప్రభుత్వమువారును ఈ విషయమున నొక నిశ్చయమునకు వచ్చినట్లు కానరాదు.

2023 జులై 26వ తేదీనాడు జరిగినది పాఠకులు మఱచియుండరు. ములుగు జిల్లా వెంకటాపురము మండలమున వీరభద్రవరము ఆవలి అడవిలో ముత్యాలధార యను జలపాతము కలదు. దానిని చూడబోయిన ఎనుబదిమంది దాకా యాత్రికులు మరలివచ్చునప్పటికి, తాము పోవునప్పుడు దాటిన వాగే పొంగి దారి కట్టివేసెను. వారు ఫోనులలో మొఱపెట్టుకొనగా, అధికారులు వాగు దాటవలదని హెచ్చరించి, జాతీయ విపత్తు సహాయక దళమును పంపిరి. ఆ దళమువారు చీకటిలో అడవి చొచ్చి, మఱునాటి ఉదయమునకు అందఱిని ఒడ్డు చేర్చిరి. వారిలో నొక్కరికిని ప్రాణహాని కలుగలేదు. అది దైవకృపయు, దళమువారి నేర్పును గాని యాత్రికుల వివేకము కాదు. ఆ వానలలోనే, ఆ జిల్లాలోనే, జంపన్నవాగు పొంగి కొండాయి గ్రామమున పలువురు కొట్టుకొనిపోయిరి. వినోదమునకై పోయినవారిని కాపాడుటకును, ఇంట నున్నవారిని కాపాడుటకును ఆ వానలలోనే ప్రభుత్వము చేతులు చాపవలసి వచ్చినదన్న మాట. ఈ సంగతిని తలచినప్పుడెల్ల మాకు మనసు కుదుట పడదు.

ముత్యాలధార యొక్కటియే కాదు. ఆదిలాబాదు జిల్లాలో కడెం నదిపైనున్న కుంటాల జలపాతము క్రింది గుండములలో మునిగిపోయిన యువకుల లెక్క చిన్నది కాదు. ప్రతిసారియు ఒక తీగకంచె, ఒక హెచ్చరికబల్ల, కొన్ని దినముల నిషేధము; వాన వెలిసిన పిదప యథాప్రకారమే. కంచెకు కన్నులు లేవు. పీఠభూమిమీద నాలుగు క్రోసుల ఎగువను వాన కురిసినచో, క్రింద ధారకడ నున్నవానికి ఆకాశము నిర్మలముగనే యుండవచ్చును. గట్టి రాతినేల కావున నీరు ఇంకక, కొద్దిసేపటిలోనే వాగులోనికి దుమికి వచ్చును. తేటనీరు మట్టిరంగునకు తిరుగుట, ఆకులును పుల్లలును కొట్టుకొనివచ్చుట, ఎగువనుండి మ్రోత వినవచ్చుట, ఇవి దాని గుర్తులు. వానిని చదువనేర్చినవాడు వెంటనే మిఱ్ఱెక్కును. చదువనేర్వనివాడు ఫొటో తీసికొనుచుండును. ఈ చదువు దిల్‌సుఖ్‌నగరు కోచింగు కేంద్రములలో దొరకదు. అడవిలో పుట్టి పెరిగినవారికడ దొరకును.

అట్టివారు మన నల్లమలలో నున్నారు. వారు చెంచులు. నాగరుకర్నూలు జిల్లా అమ్రాబాదు పీఠభూమిమీద వారి పెంటలు నేటికిని కలవు. శ్రీశైల మల్లన్నను వారు తమ యింటి అల్లునిగా చెప్పుకొందురు. ఈ యడవిలో సలేశ్వరమను కోన యున్నది. ఫరహాబాదు ద్వారమునుండి వాహనములు పోగలిగినంత దూరము పోయి, అటుపిమ్మట రాళ్లమీదుగా లోయలోనికి దిగి నడచినచో, గుహలో లింగమును, దాని ముందర ఎత్తునుండి పడు నీటిధారయు దర్శనమిచ్చును. చైత్రపౌర్ణమికి అచట జాతర జరుగును. పూజారులు చెంచులే. ఏటి కొన్ని దినములు మాత్రమే అటవీశాఖవారు లోనికి పోనిత్తురు. మిగిలిన కాలమంతయు ఆ బాట పులులకును, అడవికిని విడువబడియుండును. జలపాతమునకు నడచిపోవుటకు ఇంతకన్న మంచి కట్టుబాటు ఇంకొకటి కలదా? జపాను దేశమున నాచి జలపాతమును దేవతగా కొలిచి, దానిని చేరు కుమానో కాలిబాటలను కాపాడుకొన్నందున, 2004లో ఆ బాటలు ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపబడినవి. మన సలేశ్వరపు బాటయు ఆ కోవలోనిదే.

అయినను సలేశ్వరమునందును అంతయు సవ్యముగా లేదు. 2023 జాతరలో, ఇఱుకైన లోయబాటలో జనము క్రిక్కిఱిసి, కొందఱు భక్తులు ప్రాణములు కోల్పోయిరి. దానికి కారణము చెంచులు కారు. ఎందఱిని పంపవలెనో, ఎప్పుడు ఆపవలెనో నిర్ణయించు అధికారము వారిచేతిలో లేదు. పూజ వారిది, బాట మఱియొకరిది. ద్వారముకడ రుసుము పుచ్చుకొనువారు లోయలో లేరు. లోయలోనున్నవారికి ద్వారము మూయు అధికారము లేదు. చిక్కంతయు ఇందే యున్నది.

మల్లెల తీర్థమున ఈ చిక్కు మఱింత స్పష్టముగా కానవచ్చును. శ్రీశైలము రోడ్డున వటవర్లపల్లికడ తిరిగి అడవిలోనికి పోయి, మూడువందలకు పైబడిన మెట్లు దిగినచో ఆ ధార కనబడును. వేసవిలో సన్నని దారము. వానలలో వేఱు రూపము. ఈ యడవి అమ్రాబాదు పులుల అభయారణ్యములోనిది. రాష్ట్రవిభజనకు పిమ్మట నాగార్జునసాగరు శ్రీశైలము అభయారణ్యమునుండి వేఱుపడిన ఈ భాగము 2,611 చదరపు కిలోమీటర్లు. అందు ప్రధానభాగము 2,166 చదరపు కిలోమీటర్లు. రాత్రి 9 గంటలనుండి ఉదయము 6 గంటలవఱకు ఆ రోడ్డున వాహనములను పోనీయరు. అది సరియైన కట్టడియే. మేము దానిని సమర్థింతుము. కాని ఆఱుగంటలకు ద్వారము తెఱచినంతనే లోనికి దూసుకొనిపోవు కార్ల వరుసను, వాని వెనుక కోతులకు విసరబడు చిరుతిండి పొట్లములను, ప్లాస్టికు సీసాలను చూచినవానికి, పగటివేళ ఈ యడవిని కాపాడువా రెవరను సందేహము కలుగును.

ఇక అసలు వింత వినుడు. ఈ యడవి ప్రధానభాగమునుండి చెంచులను, ఇతర గ్రామస్థులను బయటికి తరలించు ప్రయత్నములు జరుగుచున్నవి. సార్లపల్లి, కుడిచింతలబయలు మొదలగు గ్రామముల పేర్లు ఈ విషయమున పలుమాఱు వినవచ్చినవి. ఇల్లు విడిచి పోవు కుటుంబమునకు 15 లక్షల రూపాయలు పరిహారముగా నిర్ణయింపబడియున్నది. పులికి ఏకాంతము కావలెనను మాట కొట్టివేయదగినది కాదు. కాని పులి ఏకాంతమునకై చెంచువాడు పోవలసినచో, ఎల్‌.బి.నగరునుండి వచ్చు మనము ఏ హక్కున లోనికి పోవుచున్నాము? తేనె తీయువాడు అడవికి భారము, సెల్ఫీ తీయువాడు ఆదాయమా? 2006 నాటి అటవీహక్కుల చట్టము ఆదిమ తెగలకు వారి నివాసారణ్యముపై హక్కు నిచ్చినది. గ్రామసభ స్వేచ్ఛగా అంగీకరించినగాని తరలింపు చెల్లదని చెప్పినది. 1940 ప్రాంతమున ఈ పీఠభూమిమీద చెంచులతో గడిపి, 1943లో వారిని గూర్చి గ్రంథము వ్రాసిన హైమండార్ఫు పండితుడు, నిజాము ప్రభుత్వమువారికి వీరి యడవి వీరికి మిగిల్చుడని సలహా యిచ్చెను. ఎనుబదియేండ్లు గడచినను ఆ మాట పాతబడలేదు.

కావున మేము కోరునది ఇది. మల్లెల తీర్థము, సలేశ్వరము మొదలగు జలపాతములకు పోవు కాలిబాటలను ఆయా పెంటల గ్రామసభలకు అప్పగింపవలెను. దినమునకు ఎందఱు పోవచ్చునో అటవీశాఖవారు గ్రామసభతో కూడి నిర్ణయింపవలెను. చెంచు మార్గదర్శి వెంట లేక ఒక్కడును చెక్‌పోస్టు దాటరాదు. నేడు వాగు మంచిది కాదని అతడు చెప్పినచో, అది జిల్లా కలెక్టరుగారి యుత్తర్వుతో సమానముగా చెల్లవలెను. రుసుములో అధికభాగము పెంటకు చేరవలెను. నడుమ గుత్తేదారు ఉండరాదు. ఈ చివరిమాటను గట్టిగా పట్టుకొననిచో తక్కినదంతయు వ్యర్థము. గుత్తేదారు చేతిలో పడినచో చెంచువాడు తన యడవిలో తానే దినకూలియై, వచ్చినవారి ముందు విల్లుపట్టి ఫొటోలకు నిలుచు బొమ్మగా మాఱిపోవును.

ఇది ఊహాలోకపు మాట కాదు. తమిళదేశమున తేని జిల్లా కురంగణికడ 2018 మార్చి 11వ తేదీన కొండనడకకు పోయినవారిని కార్చిచ్చు చుట్టుముట్టి ఇరువదిమందికి పైగా బలిగొన్నది. అచటి ప్రభుత్వము మొదట కట్టడి చేసి, పిదప ఆలోచించి, 2024 అక్టోబరులో 40 నడకమార్గములను తానే నిర్ణయించి, ముందుగా పేరు నమోదు చేసికొన్నవారినే, స్థానికులును గిరిజనులునైన శిక్షితయువకుల తోడుతో పంపునట్లు ఏర్పాటు చేసెను. వారి పద్ధతిలో గ్రామసభకు ఈయవలసినంత అధికారము ఈయలేదని మా యభిప్రాయము. అయినను దుర్ఘటననుండి పాఠము నేర్చుకొనిరి. మనకు ముత్యాలధార చాలదా?

చదువురాని చెంచులకు ఇంతటి బాధ్యత యెట్లని కొందఱు పెద్దమనుషు లడుగవచ్చును. అటవీశాఖవారే పులిజాడ తీయుటకు, కావలి కాయుటకు చెంచులను నియమించుకొనుచున్నారు. పులి జాడ తెలిసినవానికి వాగు జాడ తెలియదా? ప్రధానభాగములోనికి అసలెవరును పోరాదను ప్రకృతిప్రియుల వాదము ఇంతకన్న బరువైనది. దానికి మా సమాధానము పూర్తిగా తృప్తికరమైనదని చెప్పజాలము. ఏండ్లుగా జనము నడచుచున్న ఒకటి రెండు బాటలను తప్ప క్రొత్తదానిని తెఱవవలదనియు, వర్షము హెచ్చుగానున్న మాసములలో వానినికూడ మూయుడనియు మాత్రము చెప్పగలము. జనము ఎట్లును పోవుచునే యున్నారు; దొంగబాటల పోవువానికన్న తోడుతో పోవువాడు అడవికి తక్కువ కీడు.

చివరకు మన గడపలోని సంగతి ఒకటి యున్నది. ఎల్‌.బి.నగరు దాటి విజయవాడ రోడ్డున పోవునప్పుడు, ఆటోనగరు ప్రక్కనే, 14.59 చదరపు కిలోమీటర్ల అడవి యున్నది. నిజాముల వేటస్థలమైన ఆ నేలను, మహావీరుని 2500వ నిర్వాణోత్సవ స్మారకముగా 1975లో హరిణవనస్థలిగా చేసి, 1994లో జాతీయోద్యానముగా ప్రకటించిరి. అందు జలపాతము లేదు. కాని కృష్ణజింకలు గుంపులుగా తిరుగుచున్నవి. చుట్టును మేడలు లేచి, రోడ్లు వెడల్పై, ఆ వనము పట్టణసముద్రమున ఒక లంకవలె మిగిలినది. నల్లమలకు నూటయెనుబది కిలోమీటర్లు పరుగెత్తు మన యువకులలో ఎందఱు ఆ గోడలోపల ఒక్క ఉదయము మౌనముగా నడచినారు? జింక తలయెత్తి చూచినప్పుడు కదలక నిలుచుట, అరవకుండుట, చేతనున్న పొట్లమును జేబులోనే యుంచుకొనుట, ఇవి అచట నేర్చుకొనుటకు మెట్రోబండిలో ఎల్‌.బి.నగరువఱకు వచ్చిన చాలును. దిల్‌సుఖ్‌నగరు పాఠశాలలవారు ఏటికొకమాఱు పిల్లలను అచటికి నడిపింపవలెనని కోరుచున్నాము. వీలైనచో మన్ననూరునుండి ఒక చెంచు పెద్దను రప్పించి, అతనిచేత జాడలు చూపింపవలెను. అతనికి ఉపాధ్యాయునికిచ్చు గౌరవము, ఉపాధ్యాయునికిచ్చు వేతనము ఈయవలెను.

రాబోవు చైత్రపౌర్ణమికి ముందుగనే మన్ననూరులోని గిరిజనాభివృద్ధి సంస్థవారును, అటవీశాఖవారును పెంటల పెద్దలతో కూర్చుండి సలేశ్వరపు బాట విషయమున నొక యొప్పందమునకు రావలెను. ఆ సమావేశము హైదరాబాదులో గాక, పెంటలో, చెట్టుక్రింద జరుగవలెను.