కత్తిరించింది మిషనే... మరి కష్టం ఎవరిది?

పేరంటంలో తాంబూలంతో పాటు ఓ ముచ్చటైన కాగితపు సంచీ చేతిలో పెట్టారనుకోండి. అంచు చుట్టూ ఎర్రదారంతో కుట్టు, మధ్యలో మామిడిపిందె ఆకారంలో చిన్న కిటికీ. ముందు ‘అబ్బ, ఎంత బాగుందో!’ అంటాం. ఆ వెంటనే ‘చేత్తో చేశారా, మిషను మీదా?’ అని అడుగుతాం. ‘మిషను మీదే’ అన్నారో, అప్పటిదాకా వేళ్లతో తడిమి తడిమి చూసినవాళ్లం కాస్తా ‘ఓస్, మిషనా!’ అని పక్కన పెట్టేస్తాం. ఆ ‘ఓస్’ గురించే నా బాధంతా!

ఈమధ్య మన ఊళ్లలో చాలామంది ఆడవాళ్లు ఇంట్లోనే ఇలాంటివి చేస్తున్నారు. బారసాలకి పిలుపు కార్డులు, పుట్టినరోజు తోరణాలు, బొమ్మలకొలువు వెనక కట్టే తెరలు, కట్నం చదివించే కవర్లు... ఒకటేమిటి! వీటి వెనక రెండు మిషన్లున్నాయి. ఒకటి మనందరికీ తెలిసిన కుట్టుమిషను. రెండోది ఎలక్ట్రానిక్ కటింగ్ మిషను. చూడ్డానికి అచ్చం కంప్యూటర్ ప్రింటర్‌లాగే ఉంటుంది. ఇంకు ఉండాల్సిన చోట సన్నని బ్లేడు ఉంటుంది, అంతే తేడా. కంప్యూటర్లోనో ఫోన్లోనో బొమ్మ తయారుచేసి పంపితే, జిగురు చాప మీద అతికించిన కాగితాన్ని ముందుకీ వెనక్కీ జరుపుతూ ఆ గీత వెంబడే కోసిపెడుతుంది. క్రికట్, సిలూయెట్ అనే పేర్లతో దొరికేవి ఇవే.

కాగితాన్ని కుట్టడమేమిటని కొత్తగా చూసేవాళ్లు ముక్కున వేలేసుకుంటారు. మనకేం కొత్త? మోదుగాకులకి ఈనెపుల్లలు గుచ్చి విస్తరి కుట్టిన చేతులు కావూ మనవి! దుకాణాల్లో ఎర్రగుడ్డ అట్టల చిట్టా పుస్తకాలు దారంతో కుట్టినవే. మగ్గం వర్కు చేసేవాళ్లు ముందు కాగితం మీద సూదితో డిజైను పొడిచి, ఆ చిల్లుల్లోంచి రంగు దిగేలా రుద్ది గుడ్డ మీద అచ్చు దించుకుంటారు. కాగితానికీ సూదికీ చుట్టరికం ఈనాటిది కాదు.

ఇక మిషను ఎంత పని చేస్తుందో, మనిషి ఎంత పని చేస్తుందో లెక్కేద్దాం.

బొమ్మ ఎంచుకోవడం మనిషి పని. ఎక్కడ కోయాలి, ఎక్కడ మడవాలి, ఏ ముక్క ఊడిపోకుండా ఏ సన్నని కాడ నిలబెట్టాలి అన్నది ఆలోచించుకోవడం మనిషి పని. కాగితం మందాన్ని బట్టి బ్లేడు ఎంత దిగాలో ఓ మూల చిన్న ముక్క కోసి చూసుకోవాలి. ఎక్కువ దిగితే చాప పాడవుతుంది, తక్కువైతే కాగితం తెగదు. కోసిన తర్వాత చాప మీంచి కాగితాన్ని లాగకూడదు, చాపనే వెనక్కి వంచి వొలవాలి. లేకపోతే కాగితం చుట్టుకుపోతుంది. మధ్యలో మిగిలిన చిన్నచిన్న ముక్కల్ని పిన్నీసు మొనతో ఒక్కొక్కటే తీసెయ్యాలి.

కుట్టు సంగతి ఇంకో ఎత్తు. గుడ్డ మీద కుట్టు తప్పితే విప్పి మళ్లీ కుట్టుకోవచ్చు. కాగితం మీద ఆ వీల్లేదు. సూది దిగిన చిల్లు అలాగే ఉండిపోతుంది. కుట్లు మరీ దగ్గరైతే ఆ చిల్లుల వెంబడి తపాలాబిళ్లలా చిరిగి చేతికొస్తుంది. అందుకే కుట్టు పొడవు 3, 4 మిల్లీమీటర్లకి పెట్టుకోవాలి. చివర వెనక్కి కుట్టి ముడి బిగించకూడదు. దారాలు కాస్త వదిలి, వెనకవైపు చేత్తో ముడేసుకోవాలి. కాగితం కుట్టిన సూది మొద్దుబారుతుంది కనుక దాన్ని జాకెట్ గుడ్డకి వాడకూడదు. మలుపుల దగ్గర మోటారు ఆపి, చక్రాన్ని చేత్తోనే తిప్పుకుంటూ ఒక్కో కుట్టూ వెయ్యాలి. పని పూర్తయ్యాక బాబిన్ దగ్గర పేరుకున్న కాగితం పొట్టు బ్రష్షుతో దులపాలి.

ఇంత చేశాక ‘మిషను చేసిందేగా’ అంటే ఎలా ఉంటుంది చెప్పండి?

అసలు ఈ మాట మనం టైలరుతో అంటామా? లైనింగ్ జాకెట్టుకి ఆయన ఎంతడిగితే అంతా పర్సు తీసి ఇస్తాం. ‘కుట్టింది నీ మిషనేగా, నీకెందుకయ్యా కూలి?’ అని నా ఎరికలో ఎవరూ అడగలేదు. నేను కథలు కంప్యూటర్లో టైపు చేసి పత్రికలకి పంపుతాను. ఆ కథ కంప్యూటరు రాసిందని ఏ సంపాదకుడూ అనలేదు. బజార్లో కూర్చున్నవాడి మిషను పనిముట్టు, ఇంట్లో కూర్చున్నదాని మిషను మాత్రం పనిమనిషీనా?

గాంధీగారికి యంత్రాలంటే పడదని మనకి చిన్నప్పటినుంచీ చెబుతారు. కానీ కుట్టుమిషన్ని మాత్రం ఆయన మినహాయించారు. 1924లో ఓ సంభాషణలో సింగర్ కుట్టుమిషను గురించి మెచ్చుకోలుగా చెప్పారు. భార్య చేత్తో కుట్టలేక పడే అవస్థ చూడలేక, ప్రేమ కొద్దీ సింగర్ దాన్ని కనిపెట్టాడని ఆయన భావం. నిజానికి సింగర్‌గారి సంసారాల కథ వేరేలెండి! ఒకరిద్దరు కాదు, పలువురు స్త్రీలతో ఇరవైమందికి పైగా పిల్లల్ని కన్న ఘనుడు. డబ్బు కోసమే మిషను పని పట్టుకున్న వ్యాపారి. అయినా గాంధీగారి మాటలోని సారం చెడలేదు. యంత్రం మనిషి చేతులకి సాయం రావాలి కానీ, ఆ చేతుల్ని ఊరికే కూర్చోబెట్టకూడదు. కటింగ్ మిషను కూడా ఆ కొలతకి నిలబడుతుందనే నా నమ్మకం. కత్తెర పట్టుకుని గంటలకొద్దీ కోసి మణికట్టు నొప్పి తెచ్చుకునే పని తప్పించి, మిగిలిన పనంతా చేతికే వదిలేస్తుందది.

అలాగని కత్తెర పనిని చిన్నచూపు చూడమని కాదు. మధుర, బృందావనాల్లో సాంఝీ అనే కళ ఉంది. కాగితంలో కృష్ణలీలలు కత్తెరతో కోస్తారు. ఆ కాగితాన్ని నేలమీద పరిచి రంగుపొడులు చల్లి దేవుడికి ముగ్గు దించుతారు. ఆ పనితనానికి ఏ మిషనూ సరిరాదు. అందుకని అమ్మేటప్పుడు ఉన్న మాట చెప్పాలి. ‘కోత మిషనుది, కుట్టు నాది’ అని చెప్పుకోవడంలో చిన్నతనమేమీ లేదు. అలాగే ఇంకొకరు గీసిన డిజైను వాడితే, దాన్ని అమ్ముకోవడానికి వాళ్ల అనుమతి ఉందో లేదో చూసుకోవాలి. మన కష్టానికి విలువ అడిగేటప్పుడు ఇంకొకరి కష్టాన్ని ఊరికే వాడుకోవడం న్యాయం కాదు కదా!

ఇప్పుడు డబ్బు దగ్గరికొద్దాం. మన ఆడవాళ్లకి నోరు పెగలనిది ఇక్కడే.

ఓ యాభై తాంబూలం సంచులకి ఆర్డరు వచ్చిందనుకోండి. డిజైను సరిచూసుకోవడానికి 2 గంటలు. ఒక్కో సంచీకి కోత, మడత, కుట్టు, ముడి అన్నీ కలిపి 12 నిమిషాల చొప్పున 10 గంటలు. మొత్తం 12 గంటలు. గంటకి 60 రూపాయలే వేసుకున్నా కూలి 720. కాగితం, దారం సంచీకి 12 చొప్పున 600. బ్లేడు, చాప అరుగుదల, కరెంటు, పాడైన కాగితాలు కలిపి 200. అంతా 1,520. అంటే పైసా లాభం లేకుండానే సంచీ 30 రూపాయలు దాటింది. ఈలోగా వచ్చినావిడ ‘మనలో మనకేంటి వదినా, ఇరవై చేసుకో’ అంటుంది. మొహమాటానికి తలూపితే చేతికొచ్చేది 1,000. ఖర్చులు పోను మిగిలేది 200. పన్నెండు గంటల పనికి గంటకి 17 రూపాయలు కూడా పడలేదు! మొహమాటం ఖరీదు ఇంతన్నమాట.

ఈ మొహమాటానికి మూలం ‘కాలక్షేపం’ అన్న మాట. మగవాడు షాపులో మిషను పెడితే అది పెట్టుబడి. అదే మిషను ఇంట్లోకొస్తే ‘మా ఆవిడకి కాలక్షేపానికి కొనిచ్చాను’. కాలక్షేపానికి కూలేమిటి అని చుట్టుపక్కలవాళ్లు అనుకుంటారు. అనగా అనగా మనమూ అదే నమ్మేస్తాం. వంట, పిల్లల చదువులు, అత్తమామల మందులు అన్నీ అయ్యాక మధ్యాహ్నం దొరికిన రెండు గంటల్లో నడుం వాల్చకుండా చేసిన పని అండీ అది. దానికి కాలక్షేపమని పేరు పెట్టడానికి మనసెలా ఒప్పుతుంది?

అయితే ఉత్సాహం కొద్దీ వాయిదాల మీద మిషను కొనెయ్యమని నేను చెప్పను. చిన్న బంగారు ఉంగరమంత ఖరీదు అది. ముందు కత్తెరతో, చాకుతో, ఇంట్లో ఉన్న కుట్టుమిషనుతో ఆరు నెలలు చెయ్యండి. ఆర్డర్లు వస్తున్నాయని తేలాకే ఆ ఆలోచన. నలుగురు స్నేహితురాళ్లు కలిసి ఒకటి కొనుక్కుంటే మరీ మంచిది. డ్వాక్రా సంఘాలు నడిపిన చేతులకి ఉమ్మడి లెక్కలు కొత్త కాదు.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. కుట్టుమిషను కొన్నాక అది మనది. ఈ కొత్త మిషన్లు అలా కాదు. కొన్ని, కంపెనీవారి సాఫ్ట్‌వేర్‌లో ఖాతా లేనిదే కదలవు. 2021 మార్చిలో క్రికట్ కంపెనీ, చందా కట్టనివాళ్లు నెలకి 20కి మించి సొంత డిజైన్లు ఎక్కించడానికి వీల్లేదని ప్రకటించింది. డబ్బు పోసి కొన్న మిషనుకి మళ్లీ నెలనెలా కప్పమా అని కొనుగోలుదారులు వేలసంఖ్యలో సంతకాలు పెట్టి గొడవ చేశారు. కొద్దిరోజులకే కంపెనీ వెనక్కి తగ్గింది. దీంట్లో మనకి రెండు పాఠాలున్నాయి. కొనేముందు ఇంటర్నెట్ లేకుండా నడుస్తుందా, చందా ఏమైనా కట్టాలా అని అడిగి తెలుసుకోవాలి. రెండోది, నలుగురూ కలిసి నోరు విప్పితే అంత పెద్ద కంపెనీ కూడా వింటుంది. మరి ‘మా పనికి ఇంత’ అని మనం చెబితే పక్కింటివాళ్లు వినరా?

కాగితం విషయంలోనూ ఓ మాట. జైపూర్ దగ్గర సంగనేర్‌లో కాగజీ కుటుంబాలవాళ్లు తరతరాలుగా చేత్తో కాగితం చేస్తున్నారు. చెట్లు నరికి కాదు, బనియన్ల ఫ్యాక్టరీల్లో మిగిలిన నూలు ముక్కల్ని నానబెట్టి, గుజ్జు చేసి. నారబలం ఉండటంతో సూది పోటుకి బాగా ఆగుతుందా కాగితం. కుట్టుమిషను కింద మిగిలిన గుడ్డపీలిక కాగితమై మళ్లీ కుట్టుమిషను కిందికే రావడం తమాషాగా లేదూ! కాస్త ధర ఎక్కువైనా అది వాడితే ఇంకో చేతికి కూలి ఇచ్చినట్టవుతుంది.

చేసేవాళ్లకి నేను చెప్పేదొక్కటే. ఓ చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. ఏ పనికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. ధర అడిగినప్పుడు నవ్వి ‘మీకు తోచినంత ఇవ్వండి’ అనకండి. లెక్క చూసి చెప్పండి. ప్రేమకొద్దీ ఊరికే ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, కానీ దాని ఖరీదు ఇంతని తెలిసే ఇవ్వండి.

కొనేవాళ్లకి ఇంకా చిన్న మాట. ‘చేత్తో చేశారా, మిషను మీదా?’ అని అడిగేబదులు ‘ఎంతసేపు పట్టిందండీ?’ అని అడిగి చూడండి. ఆ జవాబు విన్నాక బేరమాడటానికి మీకే నోరు రాదు!