నర్సు సర్టిఫికెట్ సరే, టెస్టింగ్ ఎవరు చేశారు?

మన ఫీల్డులో డంప్స్ సంగతి తెలియనివాళ్ళు ఎవరున్నారు చెప్పండి? రాత్రంతా ప్రశ్నలు బట్టీ కొట్టి, పొద్దున్నే వెళ్ళి టకటకా క్లిక్కులు కొట్టి, మధ్యాహ్నానికల్లా "సర్టిఫైడ్ ప్రొఫెషనల్" అయిపోయినవాళ్ళు ప్రతి టీములోనూ ఒకరుంటారు. ఆ మహానుభావుడు ప్రొడక్షన్ డేటాబేస్ పడగొడితే మహా అయితే మన ఒక రాత్రి నిద్ర పోతుంది. బ్యాకప్ ఉంటుంది కదా. మరి మనిషికి బ్యాకప్ ఏదీ?

ఇదెందుకు గుర్తొచ్చిందంటే, మా బాబాయి కూతురు మానుకోట (అదే, మహబూబాబాద్) వైపు ఓ ఆస్పత్రిలో నర్సు. మూడేళ్ళ జీఎన్‌ఎం చదివింది. పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు తన ఫైలు చూపించింది. అందులో బంగారు రంగు ముద్రతో "క్లినికల్ స్కిల్స్" ట్రైనింగ్ సర్టిఫికెట్ ఒకటుంది. రెండ్రోజుల కోర్సట. ఏం నేర్పారు అనడిగా.

"ఏముందన్నా, హాల్ల అందరం కూసున్నం. స్లైడ్లు చూపెట్టిన్రు. బొమ్మ స్టేజి మీదుండె, సారు ఒక్కడే చేసి చూపెట్టిండు. ఫొటో దిగి, సర్టిఫికెట్ తీస్కొని వచ్చినం. రేపు నైట్ డ్యూటీల ఎవరికన్న గుండె ఆగితే, నేను మొదటిసారి నొక్కేది ఆ మనిషినే."

నాకు నవ్వు రాలేదు.

గుండె ఆగినవాడి ఛాతీని 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ఇది స్లైడు చూస్తే వచ్చే విద్య కాదు, చేతికి అలవాటవ్వాలి. అందుకే అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2019 నుంచి పెద్దల సీపీఆర్ కోర్సుల్లో లోతూ వేగమూ కొలిచి చెప్పే పరికరం తప్పనిసరి చేసింది. వాళ్ళిచ్చే కార్డుకి కూడా రెండేళ్ళే ఆయుష్షు.

మనకి రూల్స్ లేవా అంటే, బోలెడున్నాయి. రిజిస్ట్రేషన్ రెన్యువల్ కావాలంటే ఐదేళ్ళలో 150 గంటల శిక్షణ కావాలంది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్. 2021లో వచ్చిన కొత్త బీఎస్సీ సిలబస్‌లో స్కిల్ లాబ్ ఉంది, ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష కూడా ఉంది. 1947 నాటి పాత చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది, అందులో కాలేజీలకు రేటింగ్ ఇవ్వడానికి ఒక బోర్డు కూడా పెట్టింది. కానీ ఇప్పటికే ఉద్యోగంలో ఉన్న నర్సు విషయంలో మనం లెక్కపెడుతున్నది గంటల్ని, చేతుల్ని కాదు. టైంషీట్ నింపినంత మాత్రాన కోడ్ పనిచేసినట్టా?

సర్కారు నియామకాలు చూడండి. 2023 ఆగస్టులో తెలంగాణ స్టాఫ్ నర్సు పరీక్ష పెట్టింది. రాతపరీక్షకు 80 మార్కులు, కాంట్రాక్టు సర్వీసుకు 20. చేతిపనికి సున్నా. సెలెక్టయినవాళ్ళని నేను తప్పుపట్టడం లేదు. అడగని ప్రశ్నకి వాళ్ళు మాత్రం జవాబెలా రాస్తారు?

ఇదే పిల్ల రేపు ఇంగ్లండు వెళ్తే? కంప్యూటర్ పరీక్ష పాసయ్యాక కూడా పది స్టేషన్ల ఓస్కీలో నిలబడి, పరీక్షకుల ముందు చేసి చూపించాల్సిందే. పరాయి దేశం తన రోగి కోసం అడిగే భరోసా, గంగారం తండా నుంచి ఆటోలో వచ్చిన రోగికి అక్కర్లేదా? వాడి ప్రాణం అంత చవకా?

"అసలే నర్సులు చాలరు, ఉన్నవాళ్ళకి నిద్రే లేదు, మళ్ళీ ఇంకో పరీక్షా?" అంటారు. న్యాయమైన మాటే. ఇంకో సర్టిఫికెట్ల దుకాణం తెరిస్తే నేనూ వద్దంటాను. అందుకే నేను అడిగేది నర్సుకి పరీక్ష పెట్టేముందు కోర్సుకి పరీక్ష పెట్టమని. గుర్తింపు కావాలంటే నాలుగు షరతులు చాలు:

1. నేర్పినవాడే పాస్ చెయ్యకూడదు. మన కోడ్ మనమే టెస్ట్ చేసి సైన్ ఆఫ్ ఇచ్చుకుంటామా?
2. ఎంతమంది తప్పారో బయటపెట్టాలి. అందరూ పాసయ్యే కోర్సు కోర్సు కాదు, పేరంటం.
3. తప్పినవాళ్ళకి మళ్ళీ ఉచితంగా నేర్పాలి. ఉద్యోగం పీకకూడదు, జీతం కొయ్యకూడదు.
4. ఖర్చు యాజమాన్యానిది. పరీక్షరోజు డ్యూటీ కిందే లెక్క.

హైదరాబాదు దాకా రానక్కర్లేదు కూడా. 2016 దాకా పాత వరంగల్ జిల్లాలో భాగాలైన ఈ మూడు చోట్లా ఇప్పుడు సర్కారు మెడికల్ కాలేజీలున్నాయి. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిల్లో 2023లో మొదలయ్యాయి. పరీక్ష కేంద్రాలు అక్కడే పెట్టొచ్చు. మనవల్ల అవుతుందా అంటారా? 2017లో కరీంనగర్‌లో 30 మంది నర్సులతో పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది మన రాష్ట్రమే. కూర్చోబెట్టి స్లైడ్లు చూపించడం కాదు, కాన్పుల గదిలో నిలబెట్టి నేర్పడం మనకీ తెలుసన్నమాట.

మీ ఇంట్లోనో, ఊళ్ళోనో ఓ నర్సు ఉండే ఉంటుంది. ఈసారి ఊరెళ్ళినప్పుడు ఒక్కటే అడగండి: "ఆ కాగితం ఇచ్చేముందు ఎవరైనా నీ చేతులు చూశారా?" జవాబు విన్నాక, భూపాలపల్లిలో అర్ధరాత్రి మన నాన్నకి గుండెనొప్పి వస్తే ఆ వార్డులో ఎవరుంటారో ఒక్కసారి ఊహించుకోండి.