అయిదున్నర గంటల తేడా

వార్షికోత్సవ సంచికకు ఏదైనా వ్రాయమని వార్డెన్ గారు అడిగినప్పుడు పాత జ్ఞాపకాలు వ్రాద్దామనుకున్నాను. ఈలోగా మన చందర్లపాడు హాస్టల్లోనే చదివి ఇప్పుడు డిగ్రీలో ఉన్న ఒక తమ్ముడు ల్యాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అందువల్ల ఈ నాలుగు మాటలు.

అది సెకండ్‌హ్యాండ్‌ది. విండోస్, లైనక్స్ రెండూ ఉన్నాయి. "అన్నా, విండోస్ వాడి లైనక్స్‌లోకి వస్తే టైము ముందుకు పోతోంది. షాపులో మదర్‌బోర్డు పోయింది, మూడు వేలవుతుందన్నారు" అన్నాడు. వాళ్ళమ్మ పత్తి తీతకు, మిరప కోతకు వెళ్తుంది. మూడు వేలంటే ఆమెకు ఎన్ని రోజుల కూలో మనకెవరూ చెప్పనక్కరలేదు.

"ఎంత ముందుకురా?" అనడిగాను. చూసి చెప్పాడు, సరిగ్గా అయిదున్నర గంటలు. చెడిపోయిన వస్తువు అంత లెక్కగా తప్పదు! మన దేశపు టైము యూటీసీ అనే ప్రపంచ సమయానికి 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. ల్యాప్‌టాప్ లోపలి గడియారంలో విండోస్ మన టైమే వ్రాస్తుంది. లైనక్స్ దాన్ని యూటీసీ అనుకుని అయిదున్నర కలుపుతుంది. ఉదయం 10 గంటలు కాస్తా మధ్యాహ్నం 3.30 అవుతుంది. ఇద్దరికీ మాట కలవలేదు, అంతే.

లైనక్స్‌లో ముందు టైము సరిచేయించి, 'టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1' అని కొట్టించాను. ఏడాదికి రెండుసార్లు గడియారం మార్చుకునే దేశాల్లో ఈ పద్ధతి ఇబ్బంది పెడుతుంది, మనకా బాధ లేదు. పైసా ఖర్చు కాలేదు.

అదే తేదీ ఏళ్ళ వెనక్కి పోతుంటే వేరే సంగతి. లోపలి నాణెం లాంటి బ్యాటరీ అయిపోయి ఉండవచ్చు. అప్పుడు స్కాలర్‌షిప్ వెబ్‌సైటు కూడా తెరుచుకోకపోవచ్చు. దాని భద్రతా సర్టిఫికెట్ తేదీ ఇంకా రాలేదని కంప్యూటర్ అనుకుంటుంది మరి.

మన పిల్లలకు కంప్యూటరంటే టైపింగ్ నేర్పి వదిలేస్తున్నారని నా అభిప్రాయం. సర్టిఫికెట్ వస్తుంది, భయం పోదు. షాపతను ఏది చెబితే అదే. (అతనికీ తెలియక చెప్పి ఉండవచ్చు, మోసమనను.) పూర్వ విద్యార్థులం ఫ్యాన్లు, గోడ గడియారాలు ఇస్తున్నాము, మంచిదే. వాటితోపాటు తలా ఒక ఆదివారం ఇవ్వాలంటాను. పాడైన వస్తువు బల్లమీద పెట్టి, తప్పు ఎంత, ఎప్పటినుంచి, ఏం చేసిన తర్వాత వస్తోంది అని పిల్లలచేతనే అడిగించాలి.

సంక్రాంతి సెలవుల తర్వాత మొదటి ఆదివారం నాది. స్క్రూడ్రైవరు నేనే తెస్తాను.